ఎద్దంత జింక, సంగటి ముద్దంత గుండు

చరిత్ర రాసినవాళ్ళు ఒక పెద్ద అన్యాయం చేశారు. నిర్ణయాలు తీసుకున్నవాళ్ళ పేర్లే రాశారు. ఫలానా రాజు ఫలానా నది దాటాడు, ఫలానా సేనాని ఫలానా కోట పట్టాడు అంటూ పుటలు పుటలు నింపారు. నది ఒడ్డున నిలబడి, ఈ రేవు బాగుందా ఆ రేవు బాగుందా అని చూస్తూ చూస్తూ, ఒక్క సైనికుణ్ణీ ముంచకుండా ఇంటికి తిరిగొచ్చిన మహానుభావుల గురించి ఒక వాక్యం కూడా రాయలేదు. ఆ కోవకు చెందిన ఒక మహాపురుషుడు రియాద్‌లో ఒక వంటింటి వెనక గదిలో ఇప్పటికీ ఉన్నాడు. పేరు అబ్దుల్ ఘనీ. ఊరు రాయచోటి పక్కన. ఉద్యోగం డ్రైవరు. గుణం, ఎంచడం.

ఎంచడమంటే కొనడం కాదు. కొనడం జేబున్న ఏ మనిషైనా చేస్తాడు. ఎంచడం తపస్సు. అబ్దుల్ ఘనీ పుచ్చకాయ దగ్గరికి వెళితే ముందు తను దాన్ని చూస్తాడు. తర్వాత అది తనను చూసేలా తిప్పుతాడు. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా కదలడు. జవాబు నచ్చకపోతే పక్క కాయను అడుగుతాడు. అతను మార్కెట్లోకి అడుగు పెట్టాడంటే పుచ్చకాయల దుకాణం బంగ్లాదేశీ లేచి చెప్పులు వేసుకుంటాడు.

"ఆప్ లోగ్ బాత్ కరో, హమ్ చాయ్ పీకే ఆతా హై," అంటాడు. మీరూ కాయలూ మాట్లాడుకుంటూ ఉండండి, నేను టీ తాగొస్తా అని.

ఇది గల్ఫుకు వచ్చాక పట్టుకున్న జబ్బు కాదు. చిన్నప్పుడు ఊరి దర్గా ఉరుసులో బుడగలు కొట్టే తుపాకీల అంగడి పెట్టారు. ఘనీ చేతిలో నాణెం పట్టుకుని, ఉన్న తుపాకీలలో ఏది నిటారుగా ఉందో చూస్తూ నిలబడ్డాడు. చూస్తూ ఉండగానే బుడగలు అయిపోయాయి, అంగడి సర్దేశారు, ఉరుసు ముగిసింది. ఆ నాణెంతో ఏం కొన్నావని వాళ్ళమ్మ అడిగితే, "ఇంకా చూస్తాండా" అన్నాడట.

పెళ్ళి విషయంలోనూ అంతే. సంబంధాలకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ సేమియా తిని, చేయి కడుక్కుని, ఆలోచించి చెబుతాననేవాడు. రహమత్బీ ఇంట్లో మాత్రం ఆట సాగలేదు. తెర వెనక నుంచి ఆ పిల్లే, "ఈయన ఆలోచించే లోపల నాకు తల నెరుస్తాది. ఈయన నాకు సరే, తారీకు పెట్టేయండి" అంది. ఇప్పటికీ ఫోన్లో గుర్తు చేస్తుంది. "నీ బతుకులో జరిగిన ఒకే ఒక మంచి పని, నువ్వు ఎంచింది కాదు. మర్చిపోవద్దు."

రియాద్‌లో అతను పనిచేసే ఇంటి వంటమనిషి ఖాజాబీదీ రాయచోటి పక్కే. ఆమెకు మహాపురుషులతో పని లేదు. ఆమెకు కావలసింది బెండకాయలు, అవీ వేళకు.

"బెండకాయలకని పోయి రెండు గంటలాయె గనీ అన్నా. విత్తనం నాటి, నీళ్ళు కట్టి, కాపు కాసినాక కోసుకొచ్చినావా?"

"మంచివి ఏరాల గదమ్మే."

"ఏరినావు సరే. ఇదేంది, ప్రతి కాయకూ కొన తుంచినావు! ఒకటో రెండో తుంచి చూస్తే చాలదా? లేతదైతే టక్కుమంటాది, ముదురుదైతే వంగుతాది. దానికి సంచిలో కాయలన్నిటికీ ముక్కులు కోయాల్నా?"

"ఒకరి గుణం చూసి ఇంకొకరి గుణం చెప్పగలమా ఖాజాబీ? కాయలైనా అంతే."

"ఆ అంగడాయన నిన్నింకా కొట్టలేదా?"

"రెండుసార్లు తూకం రాయి ఎత్తినాడు. మళ్ళా దించినాడు. మంచోడు."

ఖాజాబీకి మరీ మండేది ఇంకొకందుకు. మార్కెట్టుకు పోయినప్పుడల్లా ఘనీ ముసలి కఫీల్‌ను కూడా వెంటబెట్టుకుపోయేవాడు. వీసా ఇచ్చి ఇద్దర్నీ పనిలో పెట్టుకున్న యజమాని, డెబ్బై దాటిన మనిషి. ఈయన కాయల్ని పలకరించి ముగించేదాకా పాపం ఆ పెద్దాయన కాళ్ళు పీకేలా తిరగాలి గదా అని ఆమెకు జాలి.

ఆ పెద్దాయన్ను బయటివాళ్ళు అబూ మిషాల్ అంటారు. ఇంట్లో పనివాళ్ళకు బాబా. భార్య పోయింది. ఒక్కడే కొడుకు మిషాల్, ధహ్రాన్‌లో ఒక చమురు కంపెనీలో ఇంజనీరు. బాబా రోజంతా, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో తన మూల దిండుకు ఆనుకుని కూర్చుంటాడు. కుడిచేతి పక్కన గావా, అంటే అరబ్బు కాఫీ కప్పు, దానికి ఆనుకుని ఖర్జూరాల పళ్ళెం, ఎడమవైపు టిష్యూల డబ్బా. ఈ మూడింటిలో ఏది ఇంచు జరిగినా ఘనీ ఎక్కణ్ణుంచో ఊడిపడి సర్దేవాడు.

"జరిగితే ఏం, గావా చేదెక్కుతాదా?" అని ఖాజాబీ ఒకసారి అడిగేసింది.

"ఎంచి పెట్టినానమ్మే. కదిలించొద్దు."

"కప్పు పెట్టే జాగా కూడా ఎంచుతావా సామీ!"

"జాగానే ముఖ్యం."

ఇట్లాంటి మనిషికి, భూప్రపంచంలో ఎవరికీ ఇవ్వకూడని పని ఒకటి బాబా అప్పజెప్పాడు. తుపాకీ ఎంచే పని.

బాబా ఒకప్పుడు పెద్ద వేటగాడు. పెద్ద వేటగాడంటే, చిన్న వేటలు చాలా చేసినవాడు. ఎడారి పిట్టలు, కుందేళ్ళు. ఆయన మనసులో మాత్రం ఒక కోరిక మిగిలిపోయింది. ఆఫ్రికాలో ఆయన స్నేహితుడొకడికి వేట మైదానం ఉంది. అందులో ఈలాండ్ అనే జింకలుంటాయి. జింక అంటారు గానీ అది ఎద్దంత ఉంటుంది. దాన్ని ఒక్క దెబ్బకు పడగొట్టాలి. అదీ రైఫిల్‌తో కాదు.

"రైఫిల్ దూరం నుంచి కొట్టే పిరికివాడిది," అనేవాడు బాబా. "మగాడైతే షాట్‌గన్‌లో స్లగ్గు వేసుకుని, దాని ఊపిరి వినిపించేంత దగ్గరికి నడవాలి. యా ఘనీ, నువ్వు మంచి తుపాకీ చూడు, దానికి సరిపోయే స్లగ్గు చూడు. వెళ్దాం."

ఘనీ ఆరోజు నుంచి సెల్‌ఫోన్లో తుపాకీ వీడియోలు తప్ప ఏమీ చూడలేదు. బుడగల తుపాకీ కూడా పేల్చని మనిషి, ఏ గొట్టం ఎంత పొడుగుండాలో, భుజానికి ఆనించే ఏ బట్టుకు రబ్బరు మెత్త ఎంత మందముండాలో చెప్పేంత పండితుడయ్యాడు. శిష్యులెవరూ దొరక్క ఖాజాబీకి పాఠం చెప్పేవాడు.

"మామూలు తూటాలో సన్న గుండ్లుంటాయమ్మే, ఆవగింజలంత, మిరియాలంత. కాలిస్తే చెదిరిపోతాయి. పిట్టలకు సరే. ఎద్దుకు అవి దురద. స్లగ్గంటే తూటా మొత్తానికి ఒకే గుండు. బరువుగా పోయి, దించుతాది."

ఖాజాబీ కాసేపు ఆలోచించి, "అంటే అది తాలింపు, ఇది సంగటి ముద్ద," అంది.

ఘనీ ఆమెను గౌరవంగా చూశాడు. అంత క్లుప్తంగా ఏ వీడియోలోనూ చెప్పలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో స్లగ్గుకు సంగటి ముద్ద అనే పేరు స్థిరపడింది. బాబా కూడా అర్థం తెలియకపోయినా "సంగతి, సంగతి" అనేవాడు.

శుక్రవారం సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక ఇద్దరూ ఇద్రీస్ తుపాకుల దుకాణానికి బయలుదేరేవారు. ఇద్రీస్ సూడానీ. ఓపిక గలవాడు. ఘనీ రాక ముందు ఆ ఓపికకు హద్దు ఎక్కడుందో ఆయనకే తెలియదు. బాబా కుర్చీలో కూర్చుని ప్రతి తుపాకీనీ ఒళ్ళో పెట్టించుకుని చేత్తో నిమిరేవాడు. ఘనీ పక్కన నిలబడి కర్రభాగాన్ని వేలి కణుపుతో తట్టేవాడు, చెవి ఆనించేవాడు. తర్వాత, క్రియాపదాలు దాదాపు లేని తన అరబ్బీలో, తీర్పు చెప్పేవాడు.

పంపు తుపాకీ తెచ్చారు. "ప్రతి దెబ్బకూ ముందుకీ వెనక్కీ లాగుడు. ఈలాండ్‌కు అంత తీరిక ఎక్కడ?"

రెండు గొట్టాలది తెచ్చారు. "రెండో గొట్టం ఉందంటే మొదటి దెబ్బ మీద నమ్మకం లేనట్టే. బాబాకు అవమానం."

ఇంకొకటి తెచ్చారు. గొట్టం మూతిలో వేలు పెట్టి చూసి, "ఇరుకు చోకు, మూతి దగ్గర బిగించారు. పిట్టల గుండ్లకు మంచిది. దీంట్లోంచి స్లగ్గు కాలిస్తే గొట్టానికి గండం," అన్నాడు. ఇద్రీస్ ఒప్పుకోక తప్పలేదు. అది నిజమే.

లోపల మరలు లేని నున్నటి గొట్టం తుపాకీ తెచ్చి, పక్కన ప్లాస్టిక్ తొడుగున్న స్లగ్గుల డబ్బా పెట్టారు. "తొడుగు స్లగ్గు మరల గొట్టానికి. నున్న గొట్టానికి గాడి స్లగ్గు. ఇది కుడి చెప్పు ఎడమ కాలికి వేసినట్టు." అదీ నిజమే.

చివరికి అన్నీ సరిగ్గా ఉన్న తుపాకీ ఒకటి బయటికొచ్చింది. ఘనీ దాన్ని అటూ ఇటూ తిప్పి, దాని పక్క భాగపు ఉక్కు మీద చెక్కిన బొమ్మ దగ్గర ఆగాడు. "ఇదేమిటి?"

"బాతు. అలంకారం."

"బాతు బొమ్మ పెట్టుకుని ఎద్దును కాల్చడమా? చచ్చేటప్పుడు అది ఏమనుకుంటుంది?"

ఇద్రీస్ తుపాకీ లోపల పెట్టేసి టీ తెప్పించాడు. "సదీగ్, నేస్తమా, ఈ దుకాణంలో ఎన్నో తుపాకులు వచ్చాయి, పోయాయి. నువ్వు మాత్రం పోలేదు," అన్నాడు. బాబా కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ బాతు గురించే చెప్పి చెప్పి నవ్వి, ఆ రాత్రి రెండో గిన్నె సూపు అడిగి తాగాడు. వేట మాత్రం మరుసటి చలికాలానికి వాయిదా పడింది. ఆ చలికాలం ఇంకో చలికాలానికి పడింది.

ఇలా ఎన్ని చలికాలాలైనా గడిచేవే. మిషాల్ సెలవుకు వచ్చాడు.

మిషాల్ మరో జాతి మనిషి. రుచి చూడకముందే కూరలో ఉప్పు చల్లుకునే రకం. భోజనం దగ్గర, "తుపాకీ ఎంతవరకు వచ్చింది బాబా?" అని అడిగాడు.

"చూస్తున్నాం."

"నేను కిందటిసారి వచ్చినప్పుడూ చూస్తున్నామనే అన్నారు. అంతకు ముందుసారీ అన్నారు."

"మంచి పని తొందరగా కాదు నాయనా. ఒకదాని మీద బాతు ఉంది."

మిషాల్ బాతు సంగతి మొత్తం విన్నాడు. నవ్వలేదు. చేయి కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపల ఖాజాబీ గిన్నెలు తోముతోంది. ఘనీ ఎందుకో టమోటాలను ఒక్కొక్కటే పట్టి చూస్తున్నాడు.

"ఘనీ, ఫోను నొక్కితే గుమ్మంలోకి టాక్సీ వస్తుంది. మెట్రో కూడా వచ్చేసింది. ఇక ఈ ఇంటికి డ్రైవరు ఎందుకని అడిగితే, నువ్వు డ్రైవరువి కాదు, తుపాకీ సలహాదారువి అంటారు బాబా. మంచిదే. మల్హమ్‌లో డేగలు, వేట సామాన్ల ప్రదర్శన మొదలైంది. గురువారం అందరం వెళ్తున్నాం. అక్కడ ఒక తుపాకీ బాగుందని చెప్పు. చెప్పలేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే నీ ఇకామా ఇక రెన్యూవల్ చేయించను. ఖురూజ్ ముద్ర కొట్టించి ఇంటికి పంపించేస్తా."

అతను వెళ్ళాక ఖాజాబీ కుళాయి కట్టేసింది.

"ఇంటికి పంపిస్తానంటాండు అన్నా!" అంది ఖాజాబీ.

"ఇన్నాలే."

"ఇదేం పెద్ద పనా? గురువారం పో, కంటికి కనిపించిన మొదటి తుపాకీని పట్టుకుని, మాషా అల్లాహ్ శానా బాగుందను. ఉద్యోగం నిలబడతాది."

ఘనీ చేతిలో టమోటాను తిప్పుతూ ఉండిపోయాడు. "బాగుంటే చెప్తా," అన్నాడు చివరికి.

"బాగలేకపోయినా చెప్పు! నువ్వు కాల్చేదుందా, నేను కాల్చేదుందా?"

"అదే గదమ్మే," అన్నాడు ఘనీ.

ఖాజాబీకి ఆ మాటలో తల తోక దొరకలేదు. ఆరోజు సాయంత్రం తనే రహమత్బీకి ఫోన్ కలిపి సంగతంతా చెప్పి, ఫోను ఘనీ చేతిలో పెట్టింది. స్పీకర్లోంచి రహమత్బీ గొంతు వంటిల్లంతా వినిపించింది.

"ఇంటికొచ్చి ఈడ ఏం ఎంచుతావయ్యా? ఉండేది ఒక్క బర్రె! దాన్నీ నేనే కొన్నా. ఆ తుపాకీకి తారీకు పెట్టేయ్."

"చూస్తా."

"చూడొద్దు! చూసే రోగమే గదా నీది!"

గురువారం ఖాజాబీని కూడా తీసుకెళ్ళారు, గావా ఫ్లాస్కు మోయడానికి. మల్హమ్‌లో ఆ హాలు చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తలలకు తోలు టోపీలు పెట్టుకున్న డేగలు వరసగా కూర్చుని ఉన్నాయి, పెళ్ళిలో అలిగిన మగపెళ్ళివారిలా. గుడారాలు, గావా కుంపట్లు, ఎడారి బండ్లు, తుపాకులు. మిషాల్ ముందు నడిచాడు. వెనక బాబా, ఘనీ భుజం మీద చేయి వేసుకుని. ఆ చేయి చూసి, ఈ సలహాదారంటే ఎంత అభిమానమో అనుకుంది ఖాజాబీ.

ఇద్రీస్ స్టాలు ఒక మూల ఉంది. స్టాలు వెనక గోడంతా పరిచిన ఈలాండ్ బొమ్మ, నిలువెత్తున, మెలి తిరిగిన కొమ్ములతో, మెడ కింద వేలాడే గంగడోలుతో. అచ్చం ఎద్దే. ఇద్రీస్ మర్యాదగా వంగి, బల్ల కింద నుంచి ఒక పెట్టె తీశాడు. కొత్తపెళ్ళికూతురి ముసుగు తీసినట్టు మెత్తటి గుడ్డ తొలగించాడు.

"సదీగ్, దీన్ని నీ కోసమే తెప్పించాను. పన్నెండు బోరు. ఒక దెబ్బ తర్వాత ఇంకోటి దానంతటదే ఎక్కుతుంది. లాగే పని లేదు. ఒకటే గొట్టం. అవమానం లేదు. లోపల మరలు, దానికి తగ్గ తొడుగు స్లగ్గులు. వెనక్కి తన్నే దెబ్బను సగం తనే మింగేస్తుంది. భుజానికి రబ్బరు మెత్త." కాస్త ఆగాడు. "బాతు లేదు."

ఘనీ తుపాకీ అందుకున్నాడు. తట్టాడు. చెవి ఆనించాడు. ముఖం పాలిపోయింది. ఇంకోచోట తట్టాడు. మూతిలోకి చూశాడు, వాసన చూశాడు, అరచేతిలో స్లగ్గు పెట్టుకుని ఊపాడు. ఏ పక్క నుంచి ఎంత వెతికినా దొరకాల్సింది దొరకలేదు. పరీక్షలో ప్రశ్నలన్నీ వచ్చేసిన పిల్లాడిలా కాకుండా, ఒక్కటీ రానివాడిలా చెమటలు పట్టాయి.

"లోపం చెప్పు సదీగ్," అన్నాడు ఇద్రీస్, చేతులు కట్టుకుని.

ఘనీ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"చెప్పన్నా, బాగుందని!" అని ఖాజాబీ వెనక నుంచి తెలుగులో గుసగుసలాడింది. "ఒక్క మాట! ఇకామా!"

"మాట్లాడలేదంటే లోపం లేదని," అన్నాడు మిషాల్. "ఖలాస్. కొంటున్నాం. బాబా, ఒక్కసారి భుజానికి పెట్టి చూడండి. అదిగో ఈలాండ్ మీ ఎదురుగానే ఉంది."

తుపాకీ ఖాళీగా ఉందని ఇద్రీస్ రెండోసారి చూసి బాబా చేతికిచ్చాడు. పెద్దాయన వెన్ను నిటారైంది. ముఖం మీద ముడతలు నాలుగు పోయాయి. తుపాకీ భుజానికి ఎత్తి, ఒక కన్ను మూసి, గొట్టాన్ని నెమ్మదిగా తిప్పాడు. గొట్టం ఈలాండ్ కొమ్ముల మీదుగా వెళ్ళింది. మెడ మీదుగా వెళ్ళింది. తోక మీదుగా కూడా వెళ్ళింది. స్తంభం దాటింది. పక్కన గుడారాల స్టాలులో ఖాళీగా ఉన్న గోధుమరంగు సోఫా మీద స్థిరంగా నిలిచింది.

"మాషా అల్లాహ్," అన్నాడు బాబా, ఊపిరి బిగబట్టి. "ఏం ఠీవి! అంగుళం కదలడం లేదు చూడు. నన్నే చూస్తోంది."

సోఫా నిజంగానే కదల్లేదు.

మిషాల్ గొట్టం చూపుతున్న వైపు చూశాడు. బొమ్మ వైపు చూశాడు. మళ్ళీ సోఫా వైపు చూశాడు. ఆ తర్వాత తండ్రిని చూశాడు, చాలా రోజుల తర్వాత చూసినట్టు. సంచిలో ప్రతి బెండకాయకూ కొన ఎందుకు తుంచి ఉంటుందో, గావా కప్పు ఇంచు ఎందుకు జరగకూడదో, భుజం మీద చేయి ఎందుకుందో, అన్నీ ఒక్కసారిగా ఖాజాబీకి టక్కుటక్కుమని విరిగి తెలిశాయి. కాయలు ఏరింది ఘనీ కాదు. కళ్ళు చెప్పలేనిది వేళ్ళు చెబుతాయని, బెండకాయకు కొన తుంచి చూసే రాయచోటి విద్య ఆ పెద్దాయనకు నేర్పి, ఏరుకోమని పక్కన నిలబడిన మనిషి ఘనీ.

"ఈ తుపాకీ వద్దు!" అని ఘనీ గట్టిగా అరిచాడు. డేగలన్నీ టోపీల్లోంచే తల తిప్పాయి.

"ఎందుకు?" అన్నాడు బాబా, తుపాకీ దించకుండానే.

"ఎడమకు లాగుతోంది. బాబా తిన్నగా పట్టారు, నేను చూశాను. గొట్టమే పక్కకు చూస్తోంది. పెద్ద లోపం. ఇంత లోపం నేనెప్పుడూ చూడలేదు."

ఇద్రీస్ నోరు తెరిచాడు. అది ఆయన అమ్మే వాటిలోకెల్లా మంచి తుపాకీ. తండ్రి వంశం, తల్లి వంశం ఎదుట ప్రమాణం చేసి తిన్నని గొట్టమని చెప్పగలడు. పెద్దాయన్ను చూశాడు, సోఫాను చూశాడు, ఘనీని చూశాడు. నోరు మూసి, మళ్ళీ తెరిచాడు.

"నిజమే," అన్నాడు. "ఈసారి వచ్చిన సరుకంతా వంకరే."

ఇక మిగిలింది మిషాల్. అందరూ అతని వైపే చూస్తున్నారు. ఖాజాబీ దువా చదవడం మొదలుపెట్టింది. ఉప్పు ముందే చల్లుకునే ఆ మనిషి, పుట్టాక మొదటిసారి, జవాబు చెప్పడానికి సమయం తీసుకున్నాడు. ముందుకొచ్చి తండ్రి చేతుల్లోంచి తుపాకీ మెల్లగా తీసుకున్నాడు. ఏం చేయాలో తెలియక, ఘనీ చేసినట్టే కర్రభాగాన్ని వేలి కణుపుతో తట్టాడు.

"శబ్దం కూడా బాగాలేదు," అన్నాడు. "రంగు నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఇంకా చూద్దాం బాబా. తొందరేముంది?"

"నేను చెప్పలేదూ," అన్నాడు బాబా సంతోషంగా.

బాబాను కుర్చీలో కూర్చోబెట్టి ఖాజాబీ గావా పోసింది. కప్పు కుడిచేతి పక్కనే పెట్టింది, ఇంచు తేడా లేకుండా. స్తంభం చాటున మిషాల్ ఘనీని నిలదీశాడు.

"డాక్టరుకు చూపించావా?"

"చూపించా. పోయిన చూపు రాదన్నాడు. ఉన్నది నిలవడానికి చుక్కల మందు ఇచ్చాడు. రోజూ వేస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"బాబా ఒట్టు వేయించుకున్నారు. మీకు తెలిస్తే ధహ్రాన్ తీసుకుపోతారని భయం. మీ కంపెనీ ఇళ్ళ కాంపౌండులో కూరగాయలు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్ముతారట. కొన తుంచనివ్వరట."

మిషాల్ నవ్వబోయి ఆపుకున్నాడు, ఆపుకోలేక నవ్వాడు. "ఇకామా కాగితాలు రేపు నాకివ్వు," అని మాత్రం అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మిషాల్ తన కారులో ముందు వెళ్ళాడు. ఇంటి బండిలో ఘనీ నడుపుతుంటే పక్కన బాబా, వెనక సీట్లో ఖాజాబీ. దూరంగా ఊరి దీపాలు కనబడ్డాయి.

"యా ఘనీ," అన్నాడు బాబా ఉన్నట్టుండి. "నిజం చెప్పు. ఆ తుపాకీలో లోపం నీకు కనిపించిందా?"

ఘనీ గేరు మార్చే పని లేకపోయినా గేరు మీద చేయి వేశాడు. "లేదు, బాబా."

"నాకూ కనిపించలేదు," అన్నాడు పెద్దాయన. "నాకు సోఫానే జింకలా కనిపించిందనుకో. కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, పక్కన ఎవడో ఆ సోఫాను రెండుసార్లు బేరం చేశాడు," అన్నాడు.

బండి కాస్త పక్కకు ఊగింది. అది ఎడమకే లాగింది.

"నువ్వు ఇవాళ నోరు విప్పలేకపోయేసరికి నా గుండె ఆగినంత పనైంది," అన్నాడు బాబా. "కొనేస్తారేమో, ఇక శుక్రవారాలు ఏం చేయాలిరా అనుకున్నాను. వచ్చేసారి ఒక లోపం ముందే ఎంచి పెట్టుకో."

"అట్లనే, బాబా," అన్నాడు ఘనీ, తెలుగులో. బాబాకు అర్థమైంది.

వెనక సీట్లో ఖాజాబీ కిటికీ వైపు తిరిగి నిఖాబు కొసతో ముక్కు తుడుచుకుంది. ఏసీ ఎక్కువైందని చెప్పింది. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మిషాల్ తరచుగా వస్తున్నాడు. శుక్రవారం ముగ్గురూ కలిసి ఇద్రీస్ దుకాణానికి వెళ్తున్నారు. పోయినవారం మిషాల్ ఒక తుపాకీ బరువుగా ఉందన్నాడు. దాన్నే ఘనీ తేలికగా ఉందన్నాడు. ఇద్దరూ అస్ర్ నుంచి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాకా వాదించుకున్నారు. బాబా మధ్యలో కూర్చుని తీర్పు రిజర్వు చేశాడు. మార్కెట్టుకు కూడా ముగ్గురే వెళ్తున్నారు. రెండు గంటలు పట్టేది మూడు పడుతోంది. బెండకాయల అంగడాయన తూకం రాయి ఎత్తడం మానేసి కుర్చీ వేస్తున్నాడు. సంచిలో కాయలకు మామూలుగా కొనలే తుంచి ఉంటాయి గానీ, కొన్ని మాత్రం సగానికి విరిగి వస్తున్నాయి. అవి మిషాల్ ఏరినవి. ఇంకా చేయి తిరగలేదు. ఖాజాబీ ఏమీ అనకుండా వేపుడులోకి తరుగుతోంది.

ఈలాండ్ వేటకు తుపాకీ, దానికి సరిపోయే సంగటి ముద్ద, రెండింటి ఎంపికా సాగుతూనే ఉంది. ఆ ఇంట్లో ఇంతవరకు వేటాడిన అతి పెద్ద మృగం, సింకు కింద దొరికిన బొద్దింక. దాన్ని ఖాజాబీ చెప్పుతో కొట్టింది. ఏ చెప్పా అని ఎంచలేదు, కాలికున్నదే తీసింది.